మానవ వనరుల చిక్కులు: తెలుగు రాష్ట్రాల యాజమాన్యాలకు నియామకం, వైద్యం, చట్టం

జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో చిన్న వర్క్‌షాపు నడిపే యజమాని తొమ్మిదో మనిషిని చేర్చుకునేటప్పుడు పనితనం ఒక్కటే చూస్తాడు. పదో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆడిటర్‌కు ఫోన్ చేస్తాడు. పది మంది అయ్యారంటే ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ వచ్చి పడతాయి. ఇరవైకి పీఎఫ్, బోనస్. ముప్పైకి అప్రెంటిస్‌లను తీసుకోవాలి. యాభైకి పసిపిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలి. మూడు వందలకు చేరితే మనుషులను తగ్గించుకోవడానికి ప్రభుత్వం అనుమతి కావాలి. మనుషుల సంఖ్యకు ఇన్ని గీతలుంటే జీతానికి మరో రెండున్నాయి: పీఎఫ్‌కు 15,000, ఈఎస్‌ఐకి 21,000. హెచ్‌ఆర్ మేనేజర్ల తలనొప్పుల్లో పెద్ద భాగం ఈ గీతల దగ్గరే పుడుతుంది. చట్టం ఏం చెప్పిందన్నది ఎంత ముఖ్యమో, గీతకు ఇవతల ఉండిపోవడానికి యజమానీ ఒక్కోసారి ఉద్యోగీ ఏం చేస్తారన్నదీ అంతే ముఖ్యం.

ఒక గీత దాటాక వెనక్కి రావడం కుదరదు. ఈఎస్‌ఐ, పీఎఫ్ కిందికి ఒకసారి వచ్చిన సంస్థలో తర్వాత మనుషులు తగ్గినా చట్టం వదలదు. అందుకే ఒకే షెడ్డులో అన్న పేర ఒక సంస్థ, తమ్ముడి పేర ఇంకో సంస్థ, బావమరిది పేర మూడోది నడుస్తుంటాయి. కరెంటు మీటరు, గేటు, మేనేజరు ఉమ్మడిగా ఉన్నట్టు తేలితే అధికారులు అన్నింటినీ ఒకే సంస్థగా లెక్కగట్టి పాత బకాయిలు వడ్డీతో వసూలు చేస్తారు.

మేస్త్రీ నుంచి హెచ్‌ఆర్ దాకా

మిల్లులు, గనులు మొదలైన రోజుల్లో కూలీలను తెచ్చేదీ, పనిలో పెట్టేదీ, తీసేసేదీ మేస్త్రీయే. ఉద్యోగం కావాలంటే అతని చేతిలో మామూలు పెట్టాలి. 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్, అంటే విట్లీ కమిషన్, ఈ పెత్తనం తీసేసి నియామకాలు లేబర్ ఆఫీసర్ చేతికివ్వాలని సూచించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మందో అంతకు ఎక్కువో ఉన్న ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండి తీరాలంది. నేటి హెచ్‌ఆర్ విభాగానికి ఈ దేశంలో తాత ఆ అధికారే. కాకపోతే మేస్త్రీ ఎక్కడికీ పోలేదు. భవన నిర్మాణంలో, రైసు మిల్లుల్లో, ఫార్మా యూనిట్ల లోడింగ్ పనుల్లో మనుషుల్ని తెచ్చేది ఇవాళ్టికీ అతనే. లెటర్‌హెడ్డు మీద మాత్రం లేబర్ కాంట్రాక్టర్ అని ఉంటుంది.

వైద్యం: 21,000 గీత

ఉద్యోగుల వైద్యం ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు మన దేశం 1948లోనే ఒక జవాబు రాసుకుంది. ఆ ఏడాది వచ్చిన ఈఎస్‌ఐ చట్టం 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో అమలుకు వచ్చింది. యజమాని, ఉద్యోగి చెరి కొంత వేస్తారు; రోగం వస్తే వైద్యం, పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. క్షయ, క్యాన్సర్ లాంటి దీర్ఘ రోగాలకు, తగినంత సర్వీసు ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు. పనిలో గాయపడితే 90 శాతం. మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం ఉంది. చికిత్స ఖర్చుకు పరిమితి లేదు. 2019 జూలై నుంచి చందా యజమానికి 3.25 శాతం, ఉద్యోగికి 0.75 శాతం, అంతకుముందు ఇద్దరిదీ కలిపి 6.5 శాతం ఉండేది. ఈ ధరకు ఇంత రక్షణ ఏ ప్రైవేటు బీమా సంస్థా ఇవ్వదు.

మరి చిక్కు ఎక్కడ? 2017 జనవరి నుంచి ఈఎస్‌ఐ జీతపు గీత 21,000 దగ్గరే నిలిచిపోయింది. జీతాలు పెరిగాయి, గీత జరగలేదు. నెలకు 20,800 తీసుకునే మెషీన్ ఆపరేటర్‌ను చూడండి. అతని జీతంలో ఈఎస్‌ఐకి పోయేది 156 రూపాయలు, యజమాని వేసేది 676. యాజమాన్యం మెచ్చి 700 పెంచితే జీతం 21,500 అవుతుంది, చందా కోత ఆగుతుంది. చేతికి నెలకు 856 ఎక్కువొస్తుంది. దానికి బదులు అతనికి, భార్యాపిల్లలకు, అమ్మానాన్నలకు ఉన్న వైద్యం పోతుంది. ఏడాదికి పదివేల చిల్లరతో, అరవై దాటి బీపీ, షుగరు ఉన్న తల్లిదండ్రులతో సహా ఆ ఇంటికి పాలసీ కొనడం అయ్యే పని కాదు. అందుకే ‘సార్, ఈసారి ఇంక్రిమెంటు వద్దు, ఓవర్‌టైమ్ ఇవ్వండి’ అని అడిగే ఉద్యోగులుంటారు. అలా అడగడంలో లెక్క ఉంది: గీత దాటారా లేదా అన్నది చూసేటప్పుడు ఓవర్‌టైమ్‌ను కలపరు.

తెలిసిన హెచ్‌ఆర్ మేనేజరు ఇక్కడ క్యాలెండర్ చూస్తాడు. ఈఎస్‌ఐ చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మొదలయ్యాక గీత దాటిన మనిషి ఆ కాలం ముగిసేదాకా సభ్యుడే. ఏప్రిల్ 1 నుంచి పెంచితే ఆ రోజే చందా ఆగిపోతుంది, ప్రయోజనాలు ఆ డిసెంబరుతో సరి. అదే పెంపును మే 1 నుంచి ఇస్తే సెప్టెంబరు దాకా చందా నడుస్తుంది, ప్రయోజనాలు మరుసటి ఏడాది జూన్ 30 దాకా ఉంటాయి. నెల ఆలస్యం చేసినందుకు ఆరు నెలల వైద్యం. ఇది ఎగవేత కాదు, నిబంధన చదివి చేసిన మేలు. ఇంక్రిమెంట్లు ఏప్రిల్‌లోనే ఇచ్చి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు.

ఈఎస్‌ఐ మీద ఉద్యోగుల ఫిర్యాదు డబ్బు గురించి కాదు, వరుస గురించి. ముందు డిస్పెన్సరీకి పోవాలి, అక్కడ మందులు లేకపోతే మళ్లీ రావాలి, పెద్ద జబ్బుకు రెఫరల్ రాయించుకోవాలి. సనత్‌నగర్‌లో ఈఎస్‌ఐ కార్పొరేషన్ నేరుగా నడిపే ఆస్పత్రి, మెడికల్ కాలేజీ ఉన్నాయి. డిస్పెన్సరీలను మాత్రం చాలావరకు రాష్ట్ర ప్రభుత్వాల బీమా వైద్య సేవల విభాగాలు నడుపుతాయి. చందా ఢిల్లీకి, డాక్టరు పోస్టు హైదరాబాద్‌కో విజయవాడకో. ఖాళీలు ఎందుకు భర్తీ కావో ఈ అమరిక చూస్తే కొంత అర్థమవుతుంది.

గీతకు అవతల ఉన్నవాళ్లది వేరే లోకం. తెల్లకార్డు ఉంటే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. కార్డు లేక, జీతం 25,000 ఉన్న దుకాణపు ఉద్యోగికి యజమాని తీసుకునే గ్రూప్ పాలసీ ఒక్కటే దిక్కు. కరోనా వేళ, 2020 ఏప్రిల్‌లో, సంస్థలు తెరవాలంటే ఉద్యోగులకు వైద్య బీమా ఉండాలని కేంద్ర హోం శాఖ మార్గదర్శకాల్లో చేర్చాకే చాలా చిన్న సంస్థలు ఆ పాలసీ మొహం చూశాయి. గ్రూప్ పాలసీలో ప్రీమియం గత ఏడాది క్లెయిముల మీద ఆధారపడుతుంది. ఐదు వేల మంది ఉన్న కంపెనీలో ఒకరికి క్యాన్సర్ వస్తే లెక్కలో కనపడదు. నలభై మంది ఉన్న సంస్థలో అదే జరిగితే రెన్యువల్ కొటేషన్ చూసి యజమాని ఉలిక్కిపడతాడు. అప్పుడు మొదటి వేటు తల్లిదండ్రుల మీద పడుతుంది: వాళ్ల ప్రీమియం మీరే కట్టుకోండి అన్న మెయిల్ వస్తుంది.

ప్రసూతి సెలవూ ఈ గీతకే వేలాడుతోంది. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు. అచ్యుతాపురం బట్టల పార్కులో కుట్టే అమ్మాయి ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే ఆ సెలవు కాలపు జీతం ఈఎస్‌ఐ ఇస్తుంది. గచ్చిబౌలిలో అరవై వేలు తీసుకునే అమ్మాయికి మొత్తం యజమానే ఇవ్వాలి. పెద్ద కంపెనీకి ఇదొక పద్దు. పదిహేను మందితో నడిచే సంస్థకు ఆరు నెలల జీతం, ఆ ఆరు నెలలకు ఇంకో మనిషి జీతం. పెళ్లయిందా, ఎప్పుడు చేసుకుంటారు అన్న ప్రశ్నలు ఇంటర్వ్యూల్లో ఇంకా వినపడటానికి మూలం ఇక్కడుంది. ఆ ప్రశ్న తప్పే. అయినా ఖర్చంతా ఒక్క యజమాని నెత్తిన పెట్టే చట్టం ఆ ప్రశ్నకు తానే చోటిస్తోందని ఒప్పుకోవాలి.

వైద్యమూ, నియామకమూ, చట్టమూ ఒకే ముడిలో చిక్కుకున్న ఉదాహరణ కావాలంటే సింగరేణి చూడాలి. అక్కడ గనిలో దిగడానికి ఆరోగ్యం చెడిన కార్మికుడిని వైద్యపరంగా అనర్హుడని తేలిస్తే, నిర్ణీత సర్వీసు మిగిలి ఉన్నప్పుడు, అతనిపై ఆధారపడిన ఒకరికి ఉద్యోగం వస్తుంది. వారసత్వ ఉద్యోగాలుగా తెచ్చిన పథకాన్ని 2017లో ఉమ్మడి హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం ఆస్తిలా సంక్రమించదని. తర్వాత అది కారుణ్య నియామకాల రూపంలో, మెడికల్ బోర్డు తీర్పుతో ముడిపడి కొనసాగింది. దాంతో కొత్తగూడెంలో కూర్చునే మెడికల్ బోర్డు నిజానికి నియామకాల బోర్డు కూడా అయింది. తండ్రికి రోగం లేదని డాక్టరు రాస్తే కొడుకు ఉద్యోగం పోయినట్టే.

మనుషులు దొరకడం

2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే తొలి శ్రామిక్ రైలు దాదాపు 1,200 మంది వలస కార్మికులతో బయలుదేరింది. వారం తిరగకముందే, మే 8న, బిహార్‌లోని ఖగడియా నుంచి 200 మందికి పైగా హమాలీలతో ఒక రైలు లింగంపల్లి చేరింది. యాసంగి ధాన్యం కుప్పలు పడి ఉంటే రైసు మిల్లుల్లో బస్తా ఎత్తే మనిషి లేడు. ఇంత నిరుద్యోగంలోనూ ఫలానా పనికి మనిషి దొరకడన్న యజమాని మాటలో నిజం ఎంతుందో ఆ రెండు రైళ్లు చెబుతాయి. స్థానికులు ఆ కూలికి ఆ పని చేయరు. కూలి పెంచితే చేస్తారా అన్నది మిల్లర్లు గట్టిగా పరీక్షించి చూసిన ప్రశ్న కాదు.

ఇదే ప్రశ్నకు ప్రభుత్వం చట్టంతో జవాబివ్వబోయింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. అదే దారిలో హరియాణా తెచ్చిన చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్-హరియాణా హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమంది.

ఆఫీసు ఉద్యోగాల తంటా వేరు. మాదాపూర్‌లో ఆఫర్ లెటర్ అందుకున్న అభ్యర్థి 90 రోజుల నోటీస్ పీరియడ్‌లో ఆ లెటర్ చూపించి ఇంకో రెండు ఆఫర్లు సంపాదిస్తాడు. చేరే రోజు ఉదయం ఫోన్ స్విచాఫ్. ఇటు కంపెనీలు తీర్చిదిద్దిన నోటీస్ పీరియడే అది. మనిషిని మూడు నెలలు కట్టేస్తే ఆ మూడు నెలలూ బజారు చూసుకోవడానికి అతనికి దొరికిన గడువే కదా. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు, ఒకరి బదులు ఒకరు కూర్చునే ప్రాక్సీ ఇంటర్వ్యూలు మరో పోటు. వీటికి విరుగుడుగా హెచ్‌ఆర్ వాళ్లకు అక్కరకొచ్చింది ఎక్కడో ఇంకో పనికి పుట్టిన పరికరం: 2014లో వచ్చిన పీఎఫ్ యూఏఎన్ నంబరు. ఏ నెల ఎవరు పీఎఫ్ కట్టారో పాస్‌బుక్‌లో కనపడుతుంది గనక, లేని ఉద్యోగమూ తెలుస్తుంది, ఒకేసారి చేస్తున్న రెండు ఉద్యోగాలూ తెలుస్తాయి. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ పోటీ సంస్థలకు పనిచేస్తున్న 300 మందిని తొలగించామని చెప్పాక ‘మూన్‌లైటింగ్’ తెలుగు పత్రికల శీర్షికల్లోకీ ఎక్కింది.

ఆ యూఏఎన్ దగ్గరే తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ఒక ఇబ్బంది ఉంది. మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ తరచు పొడి అక్షరంగా. పదో తరగతి సర్టిఫికెట్లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో ఇంటిపేరు చివర. మూడూ కలవకపోతే పీఎఫ్ క్లెయిమ్ తిరిగొస్తుంది. పాత యజమాని, ఉద్యోగి కలిసి జాయింట్ డిక్లరేషన్ ఇచ్చుకోవాలి. ఆ యజమాని ఈలోగా దుకాణం మూసేసి ఉంటే ఇక తిరగడమే.

బాండ్ల సంగతీ చెప్పుకోవాలి. మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. ఉద్యోగంలో ఉండగా నిర్ణీత కాలం పనిచేయాలి, లేదంటే ఇంత చెల్లించాలి అన్న షరతు వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు రెండు లక్షల బాండును సమర్థించింది. ఉద్యోగుల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే కంపెనీల అలవాటుకు మాత్రం ఆ తీర్పులో ఊతమేమీ లేదు.

కాంట్రాక్టు కార్మికులు, ప్రమాదాలు

గీతలను తప్పించుకునే దారుల్లో అన్నింటికన్నా వెడల్పైనది కాంట్రాక్టు. 1970 చట్టం దాన్ని నియంత్రించబోయింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన కార్మికులు వాటంతటవే ప్రధాన సంస్థ ఉద్యోగులైపోరని 2001లో సెయిల్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2003లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, సంస్థ అసలు పని, అనుబంధ పని అని విడదీసింది. అసలు పనిలో కాంట్రాక్టు కుదరదు, క్యాంటీన్, సెక్యూరిటీ, శుభ్రత లాంటివాటిలో పెట్టుకోవచ్చు. ఆనాడు రాష్ట్ర సవరణగా మిగిలిన ఈ ఆలోచనే 2020 నాటి కేంద్ర వృత్తి భద్రత కోడ్‌లోకి ఎక్కింది.

కాగితం మీద అసలు పనికి కాంట్రాక్టు లేదు. షిఫ్టులో మాత్రం రియాక్టర్ పక్కన నిలబడేది ఎవరో ప్రమాదం జరిగినప్పుడే తెలుస్తుంది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు వారిలో చాలామంది. మృతదేహాలను పోల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది, 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మా ప్రమాదంలో 17 మంది. గేటు రిజిస్టరు, షిఫ్టు హాజరు, కాంట్రాక్టర్ల వారీ పేర్లు హెచ్‌ఆర్ విభాగానికి గుమాస్తా పనిలా అనిపించే సంగతులు. అలాంటి రోజున లోపల ఎవరున్నారో చెప్పగలిగేది అవే. కాంట్రాక్టరు ఈఎస్‌ఐ కట్టకపోతే ముందు కట్టాల్సింది ప్రధాన యజమానే. కట్టి ఉంటే మరణించినవారి కుటుంబానికి జీతంలో 90 శాతం లెక్కన నెలనెలా ఆశ్రితుల భృతి వస్తుంది. కట్టకుండా వదిలేసిన 3.25 శాతం ఆ ఒక్క రోజుతో యజమానికి ఎంత ఖరీదవుతుందో చెప్పక్కర్లేదు.

తీసేయడం, వెళ్లిపోవడం

ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడిని తగ్గించాలంటే నెల నోటీసు, సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం అంది. 1976లో తెచ్చిన నిబంధన 300 మందో అంతకు ఎక్కువో ఉన్న ఫ్యాక్టరీకి ప్రభుత్వ అనుమతి కూడా కావాలంది. ఆ సంఖ్యను తర్వాతి సవరణ 100కు దించింది, 2020 కోడ్ మళ్లీ 300కు ఎత్తింది. ఆఫీసులకు, దుకాణాలకు మన రెండు రాష్ట్రాల్లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ వర్తిస్తుంది: ఆరు నెలలు పనిచేసినవారిని సహేతుక కారణం, నెల నోటీసు లేకుండా తీయకూడదు.  అందుకే తొలగింపు లేఖ అరుదుగా కనిపిస్తుంది. చిన్న గదిలోకి పిలిచి, ‘మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా వస్తుంది’ అంటారు. లేబర్ ఆఫీసు లెక్కల్లో అది స్వచ్ఛంద రాజీనామా.

నాలుగు కోడ్‌లు

29 కేంద్ర కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కోడ్‌లు, 2019లో ఒకటి, 2020లో మూడు, పార్లమెంటు దాటినా ఏళ్ల తరబడి అల్మరాలో ఉండి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. మానేసినా తీసేసినా జీతం బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలి. నలభై ఐదు రోజులు ‘ఫుల్ అండ్ ఫైనల్’ అంటూ తిప్పిన సంస్థలకు ఇది గట్టి దెబ్బ. నిర్ణీత కాలానికి పెట్టుకున్నవారికి ఏడాదికే గ్రాట్యుటీ. నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోవి గనక రాష్ట్రాల నియమావళులు కూడా వీటికి తోడవ్వాలి. ఈలోపు రాష్ట్రాలు తమ దారిన తామూ పోతున్నాయి: 2025 జూలైలో తెలంగాణ, వారానికి 48 గంటలు దాటకుండా, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిచ్చింది.

కోడ్‌లలో యాజమాన్యాలను నిజంగా కదిలించింది జీతం నిర్వచనం. పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గడానికి బేసిక్‌ను చిన్నగా ఉంచి, మిగతాదంతా అలవెన్సులుగా చూపడం పాత పద్ధతి. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సు పీఎఫ్ లెక్కలో జీతమేనని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు కోడ్ ఒక సగం గీత గీసింది: మినహాయించే అలవెన్సులు మొత్తంలో 50 శాతం దాటితే, దాటినంత మేరా జీతంలో కలుస్తుంది. 40,000 ప్యాకేజీలో బేసిక్ 12,000 చూపే సంస్థలో గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే జీతం ఇక 20,000. పదేళ్ల సర్వీసు ఉన్నవారికి 15 రోజులు, 26వ వంతు సూత్రంతో పాత లెక్కలో సుమారు 69,000 వచ్చేది. కొత్త లెక్కలో సుమారు 1,15,000. సీటీసీ అదే ఉంచి ఈ భారం సర్దితే చేతికొచ్చే జీతం తగ్గుతుంది, పెంచి సర్దితే యజమాని ఖర్చు పెరుగుతుంది. ఎవరు మోయాలన్నది కోడ్ చెప్పలేదు. ఆ బేరం ప్రతి ఆఫీసులో ఎవరికి వారే తేల్చుకుంటున్నారు.

ఈ గీతలేవీ తాకని మనిషి డెలివరీ బండి మీద ఉన్నాడు. అతను ఏ యజమానికి ఎన్నో ఉద్యోగి అన్న లెక్కే లేదు, ఎందుకంటే యాప్ దృష్టిలో అతను ఉద్యోగే కాదు, భాగస్వామి. సామాజిక భద్రత కోడ్ తొలిసారి అతన్ని పేరు పెట్టి గుర్తించింది. అగ్రిగేటర్ సంస్థలు ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం, గిగ్ కార్మికులకు చెల్లించేదాంట్లో 5 శాతం మించకుండా, ఒక నిధికి కట్టాలి. తెలంగాణ 2023 డిసెంబరులోనే వీరికి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. జ్వరమొచ్చి మూడు రోజులు లాగిన్ కాకపోతే ఆ మూడు రోజుల కూలి ఎవరిస్తారన్నదానికి మాత్రం ఈఎస్‌ఐ తరహా ఏర్పాటేదీ అతనికింకా లేదు.